కాగితాల్లో దొరికిన ముత్తాతగారి ఊరు

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భృతి బకాయిల గురించి, వైద్య ఖర్చుల బిల్లుల గురించి నాకంటే బాగా తెలిసినవారు ఇప్పటికే మాట్లాడారు. కార్యదర్శిగారు నన్ను పిలిచి, "మీరు అమెరికాలో అమ్మాయి దగ్గర ఆరు నెలలు ఉండి వచ్చారు కదా, అక్కడి విశేషాలు ఒక అరగంట చెప్పండి" అన్నారు. అక్కడి మంచు గురించీ, మేడల గురించీ మీ పిల్లల నోట వినే ఉంటారు. నేను 36 సంవత్సరాలు రెవెన్యూ గుమాస్తాగా పనిచేసి, అందులో సగం కాలం రికార్డు గదిలో దుమ్ము పీల్చినవాణ్ణి. గుమాస్తా కన్ను ఎక్కడికి వెళ్లినా కాగితాల మీదే పడుతుంది. అందుచేత కాగితాల కథే చెబుతాను. అది ఐర్లండు కథ. అయినా పెన్షనర్లమైన మనకు సంబంధించిన ముఖ్య విషయం ఒకటి అందులో ఉన్నది.

మా అమ్మాయి వాళ్లుండేది బోస్టన్ నగరానికి దగ్గర. పక్కింట్లో ఒక పెద్దాయన ఉండేవారు. తపాలా శాఖలో పనిచేసి రిటైరయ్యారు, వయసు 81. మొదటిరోజే పేరు పెట్టి పిలవమన్నారు. నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్దవారిని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. చివరిదాకా 'సార్' అనే అన్నాను. ఆయన నవ్వుకునేవారు.

ఒకరోజు తమ కుటుంబ సమాధి రాతి ఫొటో చూపించారు. ఆయన ముత్తాతగారు ఐర్లండు నుంచి ఓడలో వచ్చినవారు. రాతి మీద 'కార్క్ కౌంటీవాసి' అని చెక్కి ఉన్నది. "అది తప్పేమోనని నా అనుమానం. నేను పోయేలోగా ఆయన అసలు ఊరేదో తెలుసుకొని ఆ రాతి మీద చెక్కించాలి. నా తరువాత పట్టించుకునేవారు లేరు" అన్నారు. నేను రికార్డు గదిలో పనిచేశానని తెలియగానే, "అయితే రండి, మీకు మంచి కాలక్షేపం" అన్నారు. అలా మొదలైంది మా వెతుకులాట.

ఐర్లండు కాగితాలకు పట్టిన గతి

ముందుగా ఆ దేశ చరిత్ర రెండు ముక్కల్లో చెప్పాలి. 1845లో ఐర్లండులో బంగాళాదుంప పైరుకు తెగులు సోకింది. అక్కడి బీదసాదలకు అదే అన్నం. 1852 వరకు సాగిన ఆ కరువులో సుమారు పది లక్షలమంది చనిపోయారు. అంతకంటే ఎక్కువమంది దేశం విడిచి ఓడలెక్కారు. 1841 జనాభా లెక్కల్లో 81 లక్షలకు పైగా ఉన్న జనం 1851 నాటికి 65 లక్షలకు దిగిపోయారు. అమెరికాలోని ఐరిష్ కుటుంబాల్లో ఎన్నో ఆనాడు వచ్చినవారి సంతతే.

వారి మనుమలూ మునిమనుమలూ ఊరు వెతుక్కుందామంటే పెద్ద అడ్డంకి ఒకటున్నది. 1922లో ఐర్లండులో అంతర్యుద్ధం వచ్చింది. డబ్లిన్ నగరంలో ఫోర్ కోర్ట్స్ అనే న్యాయస్థానాల భవన సముదాయం ఉన్నది. ప్రభుత్వ రికార్డుల కార్యాలయం అందులోనే ఉండేది. ఆ ఆవరణ ఒక పక్షం చేతిలో ఉండగా రెండవ పక్షం ఫిరంగులతో ముట్టడించింది. 1922 జూన్ 30న పెద్ద పేలుడు సంభవించి రికార్డుల గది తగలబడిపోయింది. ఏడు శతాబ్దాల కాగితాలు బూడిదయ్యాయి. 1821, 1831, 1841, 1851 జనాభా లెక్కలు చెదురుమదురు ముక్కలు తప్ప అన్నీ పోయాయి.

మరి ఆ తరువాతి లెక్కలు ఏమైనట్టు? ఇక్కడ మన గుమాస్తా జాతి తలవంచుకోవాలి. 1861, 1871 లెక్కల కాగితాలను, గణాంకాలు తీసుకున్నాక ఇక పనిలేదని ప్రభుత్వమే నాశనం చేయించింది. 1881, 1891 లెక్కలను మొదటి ప్రపంచ యుద్ధకాలంలో పాత కాగితం కింద గుజ్జు చేసేశారు. నిప్పు ఎంత నష్టం చేసిందో, ఫైలు మీద పెట్టిన సంతకం కూడా అంత చేసింది. ఇంటింటి వివరాలతో దేశమంతటికీ మిగిలిన పాత లెక్కలు 1901, 1911 సంవత్సరాలవి. 1926 లెక్కలను నూరేళ్లు మూసి ఉంచి 2026లో తెరవాలన్నది అక్కడి నియమం.

జనన మరణాలు, వివాహాలు అందరికీ తప్పనిసరిగా నమోదు చేయడం అక్కడ 1864లో మొదలైంది. మా పెద్దాయన ముత్తాతగారు 1835 ప్రాంతంలో పుట్టి, 1853లో ఓడ ఎక్కినవారు. అంటే ప్రభుత్వ జనన రిజిస్టరు పుట్టకముందే ఆయన పుట్టారు, వివాహాల రిజిస్టరు రాకముందే దేశం దాటారు, ఆయన పేరున్న లెక్కలు కాలిపోయాయి. ఇలాంటి మనిషి ఊరు పట్టుకోవడమెలా?

ముందు ఇల్లు వెతకాలి

పెద్దాయన నాకు నేర్పిన మొదటి సూత్రం: వలసపోయినవారి ఊరు పుట్టిన దేశంలో వెతకకూడదు, చేరిన దేశంలో వెతకాలి. ఊరు పేరు తెలియకుండా ఐర్లండు రికార్డులు తెరిస్తే సముద్రంలో దిగినట్టే. ఒకే పేరు గల మనుషులు వందల్లో ఉంటారు. అందుకని మొదట అమెరికాలోనే ఆయన వదిలిన కాగితాలు పోగు చేయాలి.

మసాచుసెట్స్ రాష్ట్రంలో 1841 నుంచి జనన మరణాల నమోదు ఉన్నది. ముత్తాతగారు 1904లో చనిపోయారు. మరణ రికార్డులో తండ్రి పేరు, తల్లి పుట్టింటి ఇంటిపేరు దొరికాయి. పుట్టిన చోటు మాత్రం ఒక్క మాటే, 'ఐర్లండు'. 1900 అమెరికా జనాభా లెక్కల్లో ఏ సంవత్సరం దేశానికి వచ్చారో అడిగిన గడి ఉన్నది, అక్కడ 1853 దొరికింది. అక్కడా 'ఐర్లండు' అన్న ఒక్క మాటే. ఇంతకుముందు నేను కూడా నివాస ధృవపత్రాల్లో 'స్థానికుడు' అని ఒక్క మాట రాసి సంతకం పెట్టించినవాణ్ణే. ఆ గడిలో ఇంకో రెండు మాటలు రాయడానికి గుమాస్తాకు ఎంతసేపు పడుతుంది?

ఆనాటి వలసదారులు వేరే చోట్ల కూడా జాడలు వదిలారు. బోస్టన్‌లో 'పైలట్' అనే పత్రిక 1831 నుంచి 1921 వరకు 'తప్పిపోయిన మిత్రులు' అన్న శీర్షిక కింద ప్రకటనలు వేసింది. 'నా తమ్ముడు ఫలానా ఊరివాడు, ఫలానా సంవత్సరం ఫలానా ఓడలో వచ్చాడు, తెలిసినవారు చెప్పగలరు' అని అక్కాచెల్లెళ్లు, తల్లులు వేయించుకున్న ప్రకటనలవి. న్యూయార్క్‌లో ఐరిష్‌వారి కోసం 1850లో పెట్టిన ఎమిగ్రెంట్ సేవింగ్స్ బ్యాంకు ఖాతాదారు సొమ్ము తీసుకోవడానికి వస్తే మనిషి వాడేనా కాదా తేల్చుకోవడానికి పుట్టిన ఊరు, వచ్చిన ఓడ, తల్లిదండ్రుల పేర్లు, తోబుట్టువుల పేర్లు ముందే రాసి పెట్టుకునేది. చదువురాని కూలివాళ్ల వంశవృక్షాలు ఈనాడు ఆ బ్యాంకు పుస్తకాల్లో దొరుకుతున్నాయి. మోసం జరగకూడదని గుమాస్తా అడిగిన ప్రశ్నలు నూట యాభై ఏళ్ల తరువాత మనుమలకు ఊరు చూపిస్తున్నాయి.

మా పెద్దాయనకు దారి దొరికింది చర్చి వివాహ రిజిస్టరులో. 1861లో పెళ్లి జరిపించిన ఫాదిరీగారు వరుడు పేరు పక్కన కౌంటీ పేరూ, పారిష్ పేరూ చిన్న అక్షరాలతో రాశారు. కార్క్ కాదు, క్లేర్ కౌంటీ! మరి రాతి మీద కార్క్ ఎలా వచ్చింది? ఆ రోజుల్లో కార్క్ కౌంటీలోని క్వీన్స్‌టౌన్ రేవు నుంచి కూడా ఓడలు బయలుదేరేవి. 'మా తాత కార్క్ నుంచి వచ్చాడు' అన్న మాట కాలం గడిచేకొద్దీ 'మా తాతది కార్క్' అయిపోయింది. ఎక్కిన రేవు సొంత ఊరైపోయింది.

పేరు ఒకటే, మనిషి వేరు

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పాలి. ఇది పేరు మోసిన ఉదంతం. న్యూయార్క్ రేవులోని ఎల్లిస్ ద్వీపంలో వలసదారుల కార్యాలయం 1892 జనవరి 1న తెరిచారు. ఆ కార్యాలయంలో మొట్టమొదట అడుగుపెట్టింది ఆనీ మూర్ అనే ఐరిష్ అమ్మాయి. నెవాడా అనే ఓడలో ఇద్దరు తమ్ముళ్లను వెంటబెట్టుకొని క్వీన్స్‌టౌన్ నుంచి వచ్చింది. అధికారులు ఆమెకు పది డాలర్ల బంగారు నాణెం బహూకరించారు. ఆ రోజు ఆమె 15వ పుట్టినరోజని పత్రికలు రాశాయి. బాప్తిస్మపు రిజిస్టరు చూస్తే ఆమెకు అప్పటికే 17 ఏళ్లు.

ఆ అమ్మాయి తరువాత టెక్సాస్ వెళ్లి, అక్కడ పెళ్లాడి, 1923లో ట్రాము ప్రమాదంలో మరణించిందని చాలాకాలం అందరూ నమ్మారు. టెక్సాస్ కుటుంబంవారిని పిలిచి సన్మానాలు కూడా చేశారు. మేగన్ స్మోలెన్యాక్ అనే వంశ చరిత్ర పరిశోధకురాలు కాగితాలు తిరగేస్తే, టెక్సాస్ ఆనీ మూర్ పుట్టింది అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో అని తేలింది. ఆమె ఐర్లండు నుంచి ఓడెక్కిన మనిషే కాదు! అసలు ఆనీ జాడ ఆమె తమ్ముడి పౌరసత్వ కాగితం పట్టుకొని వెళితే 2006లో బయటపడింది. ఆమె న్యూయార్క్ వదిలి ఎక్కడికీ పోలేదు. దిగిన చోటికి దగ్గరలోనే బీదల పేటలో కాపురం చేసి, పిల్లలను కని, వారిలో సగానికి పైగా పోగొట్టుకొని, 1924లో కన్నుమూసింది. క్వీన్స్ ప్రాంతంలోని కల్వరీ శ్మశానంలో ఆమె సమాధికి పేరు రాసిన రాయి కూడా లేదు. 2008లో ఐర్లండు నుంచి తెచ్చిన రాయితో గుర్తు పెట్టారు.

ఒకరి గౌరవం మరొకరికి పోవడం మన ఆఫీసుల్లో చూడనిది కాదు. ఒకే పేరు గల ఇద్దరు బంట్రోతుల ఇంక్రిమెంట్లు తారుమారైతే సరిచేయడానికి ఏడాది పట్టిన సంగతి నాకు తెలుసు. అందుకే, పేరు ఒక్కటీ కలిస్తే చాలదు. తండ్రి పేరు, తల్లి ఇంటిపేరు, వయసు, ఊరు, తోబుట్టువు, వీటిలో కనీసం మూడు కలవాలి.

పేర్లతో ఇంకో చిక్కు ఉన్నది. గేలిక్ భాషలోని ఇంటిపేర్లను ఇంగ్లీషు గుమాస్తాలు తమ చెవికి తోచినట్టు రాశారు. గేలిక్‌లో 'గవ' అంటే కమ్మరి. ఆ పేరు గల కుటుంబాల్లో కొన్ని మెక్‌గవన్ అయ్యాయి, కొన్ని అర్థం మార్చుకొని స్మిత్ అయిపోయాయి. కేథలిక్ రిజిస్టర్లు చాలావరకు లాటిన్‌లో రాయడం వల్ల జేమ్స్ కాస్తా జేకబస్ అయి కూర్చుంటాడు. అయితే వారిలో ఒక మంచి ఆచారం ఉన్నది. పెద్దకొడుక్కు తండ్రిగారి తండ్రి పేరు, రెండవవాడికి తల్లిగారి తండ్రి పేరు పెట్టడం వాడుక. మన ఇళ్లలో తాతగారి పేరు మనుమడికి పెట్టుకునే అలవాటే. పిల్లల పేర్లు వరుసగా రాసుకుంటే తాతల పేర్లు వాటంతట అవే బయటపడతాయి.

వారి అడంగల్

క్లేర్ కౌంటీ అని తెలిశాక పని ఐర్లండుకు మారింది. ఇల్లు కదలనక్కరలేదు, కంప్యూటర్‌లోనే చూడవచ్చు. అక్కడి నేషనల్ లైబ్రరీ కేథలిక్ పారిష్ రిజిస్టర్ల ఫిల్ములను 2015లో అందరికీ ఉచితంగా ఇంటర్నెట్‌లో పెట్టింది. ఆ రిజిస్టర్లు ఎలా బతికాయంటే, వాటిని డబ్లిన్‌కు పంపకుండా ఊళ్లలోని చర్చిల్లోనే ఉంచుకున్నారు. ప్రొటెస్టెంటు చర్చి రిజిస్టర్లను భద్రంగా ఉంటాయని చట్టప్రకారం రాజధానికి తరలించారు. వాటిలో సగానికి పైగా ఆ మంటల్లో పోయాయి. పూరిపాకలో దాచినవి మిగిలి, ఇనుప తలుపుల వెనుక దాచినవి కాలాయి.

మన రెవెన్యూవారికి నచ్చే రికార్డు ఇంకొకటున్నది. రిచర్డ్ గ్రిఫిత్ అనే ఇంజనీరు ఆధ్వర్యంలో 1847 నుంచి 1864 వరకు దేశమంతా తిరిగి భూముల, ఇళ్ల విలువ కట్టారు. దానిని గ్రిఫిత్ వాల్యుయేషన్ అంటారు. వరుస సంఖ్య, పటంలో గుర్తు, అనుభవదారుని పేరు, అతనికి భూమి ఇచ్చిన యజమాని పేరు, విస్తీర్ణం, పన్నుకు కట్టిన విలువ, అన్నీ గడులు గీసి అచ్చువేశారు. చూడగానే నాకు మన సెటిల్‌మెంటు రిజిస్టరు గుర్తుకువచ్చి, ఇంటికి వచ్చినట్టయింది. మనకు జిల్లా, తాలూకా, ఫిర్కా, గ్రామం ఉన్నట్టు వారికి కౌంటీ, బేరనీ, పారిష్, టౌన్‌లాండ్ ఉన్నాయి. టౌన్‌లాండ్ అంటే ఊరి శివారు అనుకోవచ్చు. దేశం మొత్తం మీద అవి అరవై వేలకు పైచిలుకు. పదిమంది ఇళ్లున్న శివారుకు కూడా పేరున్నది, పటం ఉన్నది.

మా పెద్దాయన ముత్తాతగారి తండ్రి పేరుగల రైతులు ఆ పారిష్‌లో ఇద్దరు కనిపించారు. పక్కపక్క టౌన్‌లాండ్లలో ఒకరికి నాలుగెకరాలు, ఇంకొకరికి ఇల్లు, కూరపాదు చెక్క. ఎవరు అసలు మనిషి? పారిష్ రిజిస్టరు 1839లో మొదలైంది కనుక ముత్తాతగారి బాప్తిస్మం అందులో లేదు. 1841లో ఆయన చెల్లెలిది కాబోలుననిపించే పేరొకటి ఉన్నది. తల్లి ఇంటిపేరు కలిసింది, కానీ ఆ పద్దులో టౌన్‌లాండ్ పేరు రాయలేదు. అక్కడ ఆగిపోయాం. మూడు వారాలు ఆగిపోయాం. పెద్దాయన మొహంలో నిరాశ కనిపించింది. "పోనీ, క్లేర్ అని మాత్రం చెక్కిస్తాను" అన్నారు.

పింఛను దరఖాస్తు

ఇప్పుడు మన సంగతికి వస్తున్నాను. బ్రిటిషు ప్రభుత్వం 1908లో వృద్ధాప్య పింఛను చట్టం చేసింది. ఐర్లండు అప్పటికి వారి పాలనలోనే ఉన్నది. 70 ఏళ్లు నిండిన బీదవారికి వారానికి ఐదు షిల్లింగుల వరకు ఇస్తారు. 1909 జనవరి 1న చెల్లింపులు మొదలయ్యాయి. మరి 70 ఏళ్లు నిండాయని రుజువేమిటి? 1864కు ముందు జనన రిజిస్టరే లేదు కదా!

ఐర్లండులో 1839 జనవరి 6 రాత్రి భయంకరమైన తుఫాను వచ్చింది. ఇళ్లు కూలాయి, చెట్లు పెకలించుకుపోయాయి. దానిని 'పెనుగాలి రాత్రి' అని చెప్పుకునేవారు. ఆ రాత్రికి పుట్టి ఉన్నవాడికి 1909 జనవరికి సరిగ్గా డెబ్బై. "నీకు పెనుగాలి గుర్తున్నదా?" అని పింఛను అధికారులు అడిగేవారు. మన ఊళ్లలో ముసలమ్మను వయసెంత అని అడిగితే, ఫలానా గాలివానకు నేను చంటిపిల్లను అన్నట్టుగా! దాంతో ఐర్లండులోని ముసలివాళ్లందరికీ పెనుగాలి గుర్తుకువచ్చిందని చెప్పుకుంటారు. 1901 లెక్కల్లో ఉన్న వయసు 1911 లెక్కలకు వచ్చేసరికి చాలామందికి పదేళ్లకు బదులు పదిహేను కూడా పెరిగింది. నవ్వకండి, మన సర్వీసు పుస్తకాల్లో పుట్టిన తేదీలు అందరివీ నిజమేనా?

గాలి సాక్ష్యం చాలనివారికి ఇంకో దారి ఉండేది. డబ్లిన్ రికార్డుల కార్యాలయంలో 1841, 1851 లెక్కలు అప్పటికి భద్రంగానే ఉన్నాయి. దరఖాస్తుదారుడు తల్లిదండ్రుల పేర్లు, ఆ రోజుల్లో నివసించిన టౌన్‌లాండ్, పారిష్, బేరనీ, కౌంటీ రాసి ఇస్తే, అక్కడి గుమాస్తాలు పాత లెక్కల కట్ట విప్పి, ఆ ఇంటిని పట్టుకొని, వయసు చూసి, అదే కాగితం మీద ఫలితం రాసేవారు. కొందరు అడిగిన మనిషి వయసు మాత్రం రాసి వదిలేశారు. కొందరు ఆ ఇంటి మనుషులందరి పేర్లూ, వయసులూ ఎత్తి రాశారు.

1922లో లెక్కలు కాలిపోయాయి. ఆ వెతుకులాట కాగితాలు మాత్రం మిగిలిపోయాయి! దేశంలోని ఇళ్లన్నిటి పేర్లూ ఉన్న పెద్ద పుస్తకాలు పోయి, వారానికి ఐదు షిల్లింగుల కోసం ముసలివాళ్లు పెట్టుకున్న అర్జీలు బతికాయి. ఐర్లండు నేషనల్ ఆర్కైవ్స్ వాటిని ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా చూపిస్తున్నది.

అందులో పెద్దాయన ఇంటిపేరు కొట్టి, క్లేర్ కౌంటీ అని కొట్టి, ఒక్కొక్క కాగితం తెరుస్తూ పోయాం. రెండవ రోజు సాయంత్రం దొరికింది. 1911లో ఒక ముసలమ్మ పెట్టుకున్న దరఖాస్తు. తండ్రి పేరు సరి. తల్లి పేరు, పుట్టింటి ఇంటిపేరు సరి. టౌన్‌లాండ్ పేరు స్పష్టంగా ఉన్నది. కింద వేరే దస్తూరీలో, పేరు తెలియని గుమాస్తా ఒకాయన 1851 నాటి ఇంటిల్లిపాదినీ రాశాడు. తండ్రి, తల్లి, నలుగురు పిల్లలు. వారిలో దరఖాస్తు పెట్టిన ముసలమ్మకు అప్పుడు 9 ఏళ్లు. ఆమె పైన అన్న, వయసు 16. అతడే మా పెద్దాయన ముత్తాతగారు!

గ్రిఫిత్ వాల్యుయేషన్‌లో ఇల్లు, కూరపాదు చెక్క ఉన్న మనిషే ఆయన తండ్రి. పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మా ముత్తాత ఇక్కడికి వచ్చాక ఇంటికి ఒక్క ఉత్తరం కూడా రాయలేదని మా ఇంట్లో చెప్పుకునేవారు. ఆయనకు ఒక చెల్లెలుందనీ, ఆమె ఆ ఊళ్లోనే ముసలిదై పింఛను కోసం అర్జీ పెట్టుకుందనీ మాకు తెలియదు" అన్నారు. ఆమె అడిగింది తన పింఛను. దక్కింది అన్నగారి మునిమనుమడికి అతని ఊరు. అవసరమైన దానికంటే నాలుగు పంక్తులు ఎక్కువ రాసిన ఆ గుమాస్తాకు నేను మనసులో నమస్కారం పెట్టుకున్నాను. ఒక్క వయసే రాసి ఊరుకొని ఉంటే అతణ్ణి తప్పుపట్టేవారెవరూ లేరు.

కాలిన రికార్డుల విషయంలోనూ ఒక ఉద్యోగి శ్రమ ఫలించింది. హెర్బర్ట్ వుడ్ అనే రికార్డుల అధికారి, అగ్నిప్రమాదానికి మూడేళ్ల ముందు, 1919లో ఆ గదిలో ఏమేమి ఉన్నాయో ఒక జాబితా పుస్తకం వేశారు. దాని ఆధారంగా ట్రినిటీ కాలేజీవారు ముందుండి, ఇతర దేశాల్లో మిగిలిన నకళ్లన్నీ పోగుచేసి, 2022 జూన్‌లో, సరిగ్గా నూరేళ్లకు, ఆ రికార్డుల గదిని కంప్యూటర్‌లో తిరిగి నిలబెట్టే ప్రయత్నం ప్రారంభించారు.

నా సంగతి

మిత్రులారా, ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. కారణం మీ ముందు దాచడం దేనికి?

నేను జూనియర్ అసిస్టెంటుగా ఉన్న రోజుల్లో రికార్డు గది ఖాళీ చేయమని ఆర్డరు వచ్చింది. మీకు తెలిసినదే. ఎల్.డిస్. ఏడాదికి, కె.డిస్. మూడేళ్లకు, డి.డిస్. పదేళ్లకు పోవాలి, ఆర్.డిస్. శాశ్వతంగా ఉండాలి. గడువు తీరిన కట్టలకు జాబితా రాసి, పైవారి సంతకం తీసుకొని, నా చేతులతోనే అగ్గిపెట్టె గీశాను. వాటిలో వృద్ధాప్య పింఛను దరఖాస్తుల కట్టలు కూడా ఉన్నాయి. ఊరు, తండ్రి లేదా భర్త పేరు, పిల్లలెందరు, ఎక్కడున్నారు, ఆస్తి ఏమిటి, కరణంగారి విచారణ నివేదిక, కింద వేలిముద్ర. ఎన్ని వందలో లెక్కపెట్టలేదు. నిబంధన ప్రకారమే చేశాను. ఎవరూ తప్పుపట్టలేదు. ఈరోజు కూడా అది తప్పని అనను. కాని ఆ వేలిముద్రల మనుషుల్లో చాలామందికి ఈ భూమి మీద మిగిలిన కాగితం అదొక్కటే అయి ఉంటుందని ఆ వేళ తోచలేదు. క్లేర్ కౌంటీ ముసలమ్మ దరఖాస్తు చూశాక తోచింది.

ఇంకో సంగతి. పెద్దాయన ఒకరోజు మాటల్లో, "మీ నాయనమ్మగారిది ఏ ఊరు?" అని అడిగారు. నేను నోరు తెరిచాను గాని జవాబు రాలేదు. మా నాయనమ్మ పుట్టిల్లు ఏ ఊరో, ఆమె పుట్టింటి ఇంటిపేరేమిటో నాకు తెలియదు. తెలిసిన మా మేనత్త పోయి పన్నెండేళ్లయింది. ఆమె ఉన్నప్పుడు ప్రతి పండక్కీ చూశాను. ఒక్కసారీ అడగలేదు. ఊరందరి వారసత్వ ధృవపత్రాలకు వంశవృక్షాలు గీసి ఇచ్చినవాణ్ణి, నా ఇంటిది గీసుకోలేదు.

ఇది మనకు దూరపు విషయం కాదు. 1860లో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి బయలుదేరి దక్షిణాఫ్రికాలోని నేటాలుకు మొదటి భారతీయ కూలీలను చేర్చింది. ఆ తరువాత వెళ్లిన ఓడల్లో మన తెలుగువారు ఎందరో వెళ్లారు. వారి సంతతివారు ఈనాడు ఓడ జాబితాల్లోని తండ్రి పేరు, జిల్లా, తాలూకా, గ్రామం చూసుకొని మూలాలు వెతుక్కుంటున్నారు. ఆ గ్రామాల పేర్లు ఇంగ్లీషు గుమాస్తా చెవిన పడినట్టు రాసినవే. ఇక ఇప్పుడు మన పిల్లలే అమెరికాలోనూ ఆస్ట్రేలియాలోనూ ఉన్నారు. మన మునిమనుమలు రేపు 'మావాళ్లది హైదరాబాదు' అంటారు. ఎందుకంటే విమానం ఎక్కింది అక్కడే కనుక!

అందుచేత మీకు నా మనవి ఇది. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తాం కదా, ఆ రోజునే ఇంకో కాగితం కూడా రాయండి. మీ పూర్తి పేరు, ఇంటిపేరు విడదీసి రాయండి. పొడి అక్షరాలు పనికిరావు. తల్లి పేరు, ఆమె పుట్టింటి ఇంటిపేరు, ఆమె ఊరు రాయండి. తాత, నాయనమ్మ, అమ్మమ్మల సంగతి తెలిసినంత రాయండి. ఊరు పేరుతోబాటు మండలం, పాత తాలూకా కూడా రాయండి. జిల్లాలు మారిపోతుంటాయి. తెలిసినదీ, విన్నదీ వేరువేరుగా రాయండి. ఫొటోల వెనుక పెన్సిలుతో పేర్లు వేయండి. ఒక ప్రతి ఇంట్లో, ఒక ప్రతి దూరాన ఉన్న బిడ్డ దగ్గర ఉంచండి. ఒకే గదిలో అన్నీ పెడితే ఏమవుతుందో చెప్పాను కదా. భార్య పేరు సర్వీసు పుస్తకంలో ముద్దుపేరుగా, ఆధార్ కార్డులో అసలు పేరుగా ఉన్నవారు ఈ వారమే సరిచేయించుకోండి. అది వంశ చరిత్రకే కాదు, ఆమె కుటుంబ పింఛనుకు కూడా అవసరం.

ఇంటికి వచ్చే పిల్లలకు కూడా ఒక మాట. ఇక్కడ కూర్చున్న పెద్దవాళ్లను అడగండి. వారికి చెవులు వినపడకపోతే గట్టిగా అడగండి.

నేను వచ్చేసిన తరువాత పెద్దాయన సమాధి రాతి ఫొటో పంపించారు. 'కార్క్' అన్న పాత అక్షరాలను చెరిపించలేదు. వాటి కింద కొత్తగా టౌన్‌లాండ్ పేరు, పారిష్ పేరు, క్లేర్ కౌంటీ అని చెక్కించారు. దాని పక్కనే ఆ చెల్లెలి పేరు కూడా వేయించారు. నేను మా నాయనమ్మ పుట్టిల్లు కోసం పాత బంధువులకు ఉత్తరాలు రాస్తున్నాను. ఇప్పటికి నాలుగు రాశాను, రెండింటికి జవాబు వచ్చింది, రెండూ వేర్వేరు ఊళ్లు చెప్పాయి. రుజువు కోసం వెతుకుతున్నాను.